గొంతుకు కట్టే వెల: కూలా, వాటానా, పారితోషికమా?

ఒకరు చేసిన పనికి బదులుగా ఇచ్చే సొమ్ముకు తెలుగులో ఎన్ని పేర్లున్నాయో ఒకసారి లెక్కపెట్టండి. కూలి, జీతం, బత్తెం, రుసుము, పారితోషికం, ప్రతిఫలం, వాటా. నిఘంటువులో ఇవన్నీ దగ్గరి చుట్టాల్లా కనిపిస్తాయి గానీ, వాడుకలో ఒకటి ఉన్నచోట ఇంకొకటి ఇమడదు. నాట్లు వేసిన ఆమెకు పారితోషికం ఇచ్చామని ఎవరూ అనరు. సినిమా హీరో ఇంత కూలి పుచ్చుకున్నాడని ఏ పత్రికా రాయదు. పేరు మారితే ఇచ్చేవాడి చూపు మారుతుంది, పుచ్చుకునేవాళ్ళ హక్కూ మారుతుంది.

ఈ నెల పాఠానికి ఒక కొత్త పనిని తీసుకుందాం. వీడియో గేముల్లో పాత్రలకు గొంతు ఇచ్చే కళాకారులకూ, ఆ గేములు తయారుచేసే చిన్న బృందాలకూ మధ్య వచ్చే డబ్బు తగాదాలు. తెలుగు శాఖ గోడపత్రికలో వీడియో గేముల గోల ఎందుకని అడగొచ్చు. రెండు కారణాలున్నాయి. ఈ తగాదాల్లో చాలావాటికి మూలం ఒక మాటకు ఇద్దరు రెండు అర్థాలు చెప్పుకోవడం, అది మన చదువుకు సంబంధించిన సంగతే. రెండోది, తెలుగు డబ్బింగుకు పాత ఇల్లు ఈ చెన్నపట్నమే. మీలో గొంతు బాగున్నవాళ్ళను రేపో మాపో ఎవరో ఒకరు "మా గేముకు నాలుగు మాటలు చెప్పి పెట్టండి" అని అడుగుతారు. ఆ నాలుగు మాటలకు వెల ఎలా కడతారో ముందే తెలిసి ఉండటం మంచిది.

గేములో గొంతు పని ఎలా ఉంటుంది

సినిమా డబ్బింగులో తెర మీద బొమ్మ ఉంటుంది. పెదవుల కదలిక చూసుకుంటూ మాట కలపాలి. గేములో చాలాసార్లు బొమ్మే ఉండదు. చేతిలో ఒక పట్టిక ఉంటుంది, ఒక్కో వరుసలో ఒక్కో మాట. ఆడేవాళ్ళు ఎటు వెళ్తే కథ అటు తిరుగుతుంది కాబట్టి ఒకే సంఘటనకు నాలుగైదు రకాల మాటలు చెప్పాలి. ఆటలో ఎవరూ ఆ దారిలో వెళ్ళకపోతే ఆ మాట ఎవరి చెవినా పడకపోవచ్చు. పని మాత్రం జరిగినట్టే.

దానికితోడు మాటలు కాని చప్పుళ్ళు ఉంటాయి. దెబ్బ తగిలినప్పటి మూలుగు, దూకినప్పటి ఊపిరి, కొండ మీంచి పడేటప్పటి కేక, ప్రాణం పోయేటప్పటి అరుపు. ఇవన్నీ ఒక్కోటి పది రకాలుగా కావాలి. రెండు గంటలు ఇలా అరిస్తే మర్నాడు గొంతు పెగలదు. గొంతే పెట్టుబడి అయినవాళ్ళకు అది ఒకరోజు కూలి పోయినట్టు. అమెరికాలో ఈ కళాకారుల సంఘం సాగ్-ఆఫ్ట్రా. గొంతు అరిగే పనికి సమయం తగ్గించాలన్నది వాళ్ళ పోరాటాల్లో డబ్బుతో సమానంగా నిలిచిన కోరిక.

మామూలుగా అక్కడి లెక్క సెషన్ల మీద నడుస్తుంది. ఒక సెషన్ అంటే నాలుగు గంటలు, అందులో మూడు పాత్రల దాకా చెప్పించుకోవచ్చు. 2016-17 ప్రాంతంలో సంఘం ఖరారు చేసిన కనీస ధర సెషన్‌కు 825 డాలర్ల 50 సెంట్లు. వినడానికి పెద్ద మొత్తమే. కానీ నెలలో అలాంటి సెషన్లు ఎన్ని దొరుకుతాయన్నది వేరే ప్రశ్న. జీతానికీ కూలికీ తేడా అక్కడే ఉంది. జీతం పని లేని రోజుకూ వస్తుంది, కూలి పని ఉన్న రోజుకే.

వెల కట్టే నాలుగు పద్ధతులు

మొదటిది సమయం లెక్క: గంటకు ఇంత, సెషన్‌కు ఇంత. తయారీదారు నత్తనడకన నడిస్తే ఖర్చు అతనిది.

రెండోది మాటల లెక్క: వరుసకు ఇంత, లేదా పదానికి ఇంత. చిన్న బృందాలకు ఇది ఇష్టం, ఎందుకంటే ఖర్చు ముందే తెలుస్తుంది. కళాకారులకు చిక్కు ఎక్కడంటే, ఒక్కో వరుసను మూడుసార్లు మూడు రకాలుగా అడుగుతారు. ఆ తరవాత కథ మార్చి మళ్ళీ చెప్పమంటారు. ఆ రెండోసారికి డబ్బు ఉందా లేదా అన్నది ఒప్పుకున్నప్పుడే తేలాలి.

మూడోది గుత్త: మొత్తం పనికి ఒకే మొత్తం, హక్కులన్నీ కొన్నవాడికి. గేము లక్ష అమ్మినా, కోటి అమ్మినా మళ్ళీ పైసా రాదు.

నాలుగోది వాటా: ఇప్పుడు తక్కువ, లేదా ఏమీ ఇవ్వకుండా, అమ్మకాల మీద ఇంత శాతం అని మాట ఇవ్వడం. చిన్న బృందాలతో తగాదాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే.

చిన్న బృందం జేబు

తయారీదారుల వైపు కూడా చూడకపోతే పాఠం సగమే అవుతుంది. చిన్న బృందమంటే నిజంగా చిన్నదే. బాస్టియన్ అనే గేమును 2011లో విడుదల చేసిన సూపర్‌జయంట్ గేమ్స్‌లో అప్పుడు ఉన్నది ఏడుగురు. ఆ గేములో కథ చెప్పే ముసలి గొంతు లోగన్ కన్నింగ్‌హామ్‌ది. దాదాపు మూడు వేల మాటలు. వాటిని రికార్డు చేసింది సంగీతకారుడి అపార్ట్‌మెంటులో, బట్టల అలమరను గదిగా చేసుకుని. మరుసటి ఏడు వచ్చిన థామస్ వాజ్ అలోన్‌లో పాత్రలన్నీ రంగురంగుల దీర్ఘచతురస్రాలే. కాళ్ళు లేవు, చేతులు లేవు, ముఖం లేదు. వాటికి ప్రాణం పోసింది డానీ వాలెస్ గొంతు. అందుకే 2013లో ఆయనకు బాఫ్టా గేముల పురస్కారాల్లో ఉత్తమ ప్రదర్శకుడి బహుమతి వచ్చింది. చిన్న గేములో గొంతు ఎంత బరువు మోస్తుందో ఈ రెండూ చెబుతాయి.

ఇప్పుడు ఒక ఊహా లెక్క వేద్దాం. ముగ్గురు స్నేహితులు రెండేళ్ళు కూర్చుని ఒక గేము చేశారు. ధర 15 డాలర్లు. 2,000 ప్రతులు అమ్ముడుపోయాయి. మొత్తం 30,000 డాలర్లు. స్టీమ్ వంటి దుకాణం మామూలుగా 30 శాతం తీసుకుంటుంది. మిగిలింది 21,000. కొన్నవాళ్ళు రెండు గంటలలోపు ఆడి, పద్నాలుగు రోజులలోపు తిరిగి ఇచ్చేస్తే ఆ డబ్బూ వెనక్కి పోతుంది, దాన్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోవడం లేదు. గొంతు పనికి ఆరు సెషన్లు, పైన చెప్పిన ధర ప్రకారం 4,953 డాలర్లు. అంటే చేతికొచ్చిన సొమ్ములో దాదాపు పావు వంతు. మిగిలిన 16,047ను ముగ్గురికి 24 నెలలకు పంచితే మనిషికి నెలకు సుమారు 223 డాలర్లు.

చూశారా, ఇక్కడ దొంగ ఎవరూ లేరు. గేము చేసినవాళ్ళకే గిట్టలేదు. కానీ కళాకారిణి చేసిన పని రెండేళ్ళ తరవాతి అమ్మకాల మీద ఆధారపడినది కాదు. ఆమె గొంతు అరిగింది ఆ రోజే. ఎవరి పెట్టుబడికి వాళ్ళు నష్టం భరించాలి గదా, మేస్త్రీ కట్టిన ఇల్లు అద్దెకు పోలేదని మేస్త్రీ కూలి ఎగ్గొడతారా?

"లాభంలో 5 శాతం ఇస్తాం" అన్న మాటనూ ఇదే లెక్కలో పెట్టి చూడండి. లాభమంటే ఖర్చులన్నీ పోగా మిగిలేది. ముగ్గురి రెండేళ్ళ బతుకు ఖర్చునూ ఖర్చుగా రాస్తే లాభం సున్నా, వాటా సున్నా. అదే "దుకాణం వాటా పోగా చేతికొచ్చిన సొమ్ములో 5 శాతం" అని ఉంటే 1,050 డాలర్లు వస్తాయి. శాతం ఒక్కటే. దేని మీద శాతమన్నదే తేడా.

నాలుగు తగాదాలు, నాలుగు పాఠాలు

పెద్ద గేముల తగాదాలు లోకానికి తెలుస్తాయి. చిన్నవి ఆ ఇద్దరి మధ్యే అణగిపోతాయి. కాబట్టి తెలిసినవాటి నుంచే పాఠం తీసుకోవాలి.

2008లో గ్రాండ్ థెఫ్ట్ ఆటో నాలుగో భాగం వచ్చింది. మొదటి వారంలోనే అమ్మకాలు 50 కోట్ల డాలర్లు దాటాయి. కథానాయకుడికి గొంతూ కదలికా ఇచ్చిన మైకేల్ హోలిక్‌కు పదిహేను నెలల వ్యవధిలో చేసిన పనికి వచ్చింది సుమారు లక్ష డాలర్లు. కంపెనీ తనను మోసం చేసిందని ఆయన అనలేదు. సినిమాకు, టీవీకి ఉన్నట్టు మళ్ళీ మళ్ళీ వచ్చే సొమ్ము గేముల ఒప్పందంలో లేకపోవడమే ఆయన బాధ. పాఠం: గుత్తకు ఒప్పుకున్నాక విజయంలో వాటా అడగడానికి చోటు ఉండదు. అడగాల్సింది ముందే.

2016 అక్టోబరు 21న సాగ్-ఆఫ్ట్రా పదకొండు పెద్ద గేము కంపెనీల మీద సమ్మె మొదలుపెట్టింది. ప్రతి 20 లక్షల ప్రతులకు ఒకసారి, 80 లక్షల దాకా, అదనపు చెల్లింపు కావాలన్నది ముఖ్యమైన కోరికల్లో ఒకటి. దాదాపు పదకొండు నెలల తరవాత, 2017 సెప్టెంబరులో రాజీ కుదిరింది. అమ్మకాలకు ముడిపెట్టిన సొమ్ము రాలేదు. దానికి బదులు సెషన్ల సంఖ్యను బట్టి అదనం వచ్చింది. మొదటి సెషన్‌కు 75 డాలర్లతో మొదలై, పది సెషన్లు చేస్తే మొత్తం 2,100 డాలర్లు. పాఠం: వాటా అడిగినవాళ్ళు చివరికి కూలి పెంపుతో సరిపెట్టుకున్నారు. అయినా అది రాతపూర్వకంగా, అందరికీ ఒకేలా వచ్చింది.

2022 అక్టోబరులో బేయొనెట్టా మూడో భాగం మీద రగడ. మొదటి రెండు భాగాలకు గొంతు ఇచ్చిన హెలెనా టేలర్, గేము మొత్తానికి తనకు 4,000 డాలర్లే ఇవ్వజూపారని చెప్పి, ఆ గేమును కొనవద్దని అభిమానులను కోరారు. కొద్ది రోజులకే బ్లూమ్‌బర్గ్ ఇంకో లెక్క రాసింది: సెషన్‌కు మూడు నాలుగు వేల చొప్పున కనీసం ఐదు సెషన్లు, అంటే కనీసం పదిహేను వేలు. తరవాత ఆమే వివరించారు: ముందు పది వేలు, అడిగితే ఇంకో ఐదు వేలు అన్నారు, తాను కాదన్నాక కొన్ని మాటలకు నాలుగు వేలు అన్నారు అని. తయారుచేసిన ప్లాటినమ్‌గేమ్స్ చిన్న బృందమేమీ కాదు గానీ పాఠం అందరికీ వర్తిస్తుంది. అంకె పక్కన కొలత లేకపోతే ఆ అంకెకు అర్థం లేదు. "నాలుగు వేలు" దేనికి? సెషన్‌కా, మొత్తానికా, కొన్ని మాటలకా? లోకమంతా రెండు వారాలు కొట్టుకున్నది ఈ ఒక్క విభక్తి ప్రత్యయం మీదే.

2023 జులైలో గెన్షిన్ ఇంపాక్ట్ ఇంగ్లీషు గొంతులు కొందరు, నెలల తరబడి తమకు డబ్బు అందలేదని బయటపెట్టారు. గేము కంపెనీ, రికార్డింగ్ స్టూడియోకు తాము సకాలంలో చెల్లించామని ప్రకటించింది. సొమ్ము మధ్యలో ఆగింది. పాఠం: ఎవరి పని చేస్తున్నామన్నదొకటి, ఎవరు డబ్బు ఇస్తారన్నదొకటి. రెండో ప్రశ్నకు జవాబు కాగితం మీద ఉండాలి. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెతలో కూడా ఓడ నడిపినవాడికి బాకీ ఎవరో తెలుసు. ఇక్కడ అది కూడా తెలియదు.

చిన్నవాళ్ళకు వేరే తూకం

పెద్ద కంపెనీకి పెట్టిన ధరే ముగ్గురు స్నేహితులకూ పెడితే వాళ్ళు సంఘంలో లేనివాళ్ళ దగ్గరికి పోతారు, లేదా గొంతే మానేసి తెర మీద అక్షరాలు వేస్తారు. అందుకని సాగ్-ఆఫ్ట్రా తక్కువ బడ్జెట్ గేములకు విడిగా ఒప్పందాలు పెట్టింది. 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన అంచెల ఒప్పందం రెండున్నర లక్షల డాలర్ల నుంచి 3 కోట్ల డాలర్ల దాకా బడ్జెట్ ఉన్న గేములకు. బడ్జెట్‌ను బట్టి ధర మారుతుంది. అందులోనే కృత్రిమ మేధతో గొంతును నకలు చేయడం మీద షరతులు కూడా చేర్చారు.

ఆ షరతుల విలువ అదే ఏడు తెలిసింది. 2024 జులై 26న పెద్ద కంపెనీల మీద మళ్ళీ సమ్మె మొదలైంది. ఈసారి ముఖ్యమైన గొడవ నకలు గొంతు. అప్పుడు చిన్న బృందాలు చాలా అంచెల ఒప్పందం మీదో, మధ్యంతర ఒప్పందం మీదో సంతకం చేసి పని సాగించుకున్నాయి. పెద్దవాళ్ళతో 2025 జూన్‌లో రాజీ కుదిరి, జులై 9న సభ్యుల ఓటుతో ఖాయమైంది. వేతనం వెంటనే 15.17 శాతం పెరిగింది. నకలు గొంతు వాడాలంటే కళాకారుల సమ్మతి, ఎక్కడ వాడారో చెప్పడం తప్పనిసరి అయ్యాయి.

మన దేశంలో ఏముంది

కోడంబాకంలో సినిమా డబ్బింగ్ కళాకారులకు సంఘం ఉంది. ఇంట్లో మైకు పెట్టుకుని ఎక్కడో ఉన్న బృందానికి గొంతు పంపే అమ్మాయికి ఆ నీడ చాలాసార్లు అందదు. ఆమెకు మిగిలేది చట్టం, తన కాగితం.

1957 కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల హక్కులు ఉన్నాయి. 2012 సవరణతో అవి బలపడ్డాయి. ప్రదర్శనను వాణిజ్యానికి వాడినప్పుడు ప్రదర్శకులకు రాయల్టీ హక్కు ఉందని 38-ఎ సెక్షన్ అంటుంది. తన పేరు చెప్పించుకునే హక్కు, పరువు పోయేలా ప్రదర్శనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు 38-బిలో ఉన్నాయి. హక్కులు ఇంకొకరికి రాసి ఇవ్వడానికి 19వ సెక్షన్ వర్తిస్తుంది: రాత, సంతకం తప్పనిసరి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్ళు. ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే. "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అన్న రెండు మాటలను ఒప్పందాల్లో అంత జాగ్రత్తగా ఎందుకు రాస్తారో ఇప్పుడు అర్థమవుతుంది. నకలు గొంతు విషయంలో 2024 జులైలో బొంబాయి హైకోర్టు గాయకుడు అరిజిత్ సింగ్‌కు రక్షణ ఇచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థగా నమోదు చేసుకుని పనిచేసేవాళ్ళకు 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ఉంది. దాని ప్రకారం చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు, దాటితే వడ్డీ కట్టాలి.

ఒప్పందం రాసే తెలుగు

ఇప్పుడు మన అసలు పాఠం. ఈ వాక్యం చూడండి:

"గేము బాగా ఆడితే మీకు తగినంత పారితోషికం ఇస్తాం."

వ్యాకరణంలో తప్పు లేదు. అర్థంలో ఒక్కటీ నిలబడదు. "బాగా" అంటే ఎన్ని ప్రతులు? "ఆడితే" అన్నది సినిమా నుంచి వచ్చిన మాట. సినిమా ఆడుతుంది, గేమును జనం ఆడతారు. ఇక్కడ ఏది? "తగినంత" ఎవరు తేలుస్తారు? "ఇస్తాం" ఎప్పుడు? అన్నిటికంటే పెద్ద చిక్కు "పారితోషికం". పరితోషం అంటే సంతోషం. సంతోషించి ఇచ్చేది పారితోషికం. సంతోషం కలగకపోతే? రాజుగారి కొలువులో అది గౌరవమైన మాటే గానీ, బాకీ వసూలుకు పనికిరాదు. చట్టానికి దగ్గరైన మాట "ప్రతిఫలం". పనికి బదులుగా రావలసినది, ఎవరి సంతోషంతోనూ పని లేనిది.

ఇప్పుడు దీన్ని చూడండి:

"నేను 200 వరుసల మాటలు, 30 అరుపులు రెండు సెషన్లలో, ఒక్కోటి మూడు గంటలు, రికార్డు చేసి ఇస్తాను. ప్రతిఫలం సెషన్‌కు ఇంత, సగం ముందు, సగం ఫైళ్ళు అందిన 15 రోజుల్లో. కథ మార్చి మళ్ళీ చెప్పమంటే గంటకు ఇంత అదనం. ఈ గొంతును ఈ గేములోను, దాని ప్రకటనల్లోను మాత్రమే వాడాలి. నకలు గొంతు తయారీకి వాడకూడదు. గేములో నా పేరు వేయాలి. గేము ఆగిపోయినా చేసిన పనికి చెల్లించాలి."

ఇందులో అందమైన వాక్యం ఒక్కటీ లేదు. ప్రతి నామవాచకానికీ ఒక అంకె, ప్రతి క్రియకూ ఒక కర్త, ఒక గడువు ఉన్నాయి. చిన్న బృందానికి కూడా ఇదే మేలు. తమ ఖర్చు ఎంతో ముందే తెలుస్తుంది, రేపు ఎవరి నిష్ఠూరమూ పడక్కరలేదు. స్నేహం కోసం ఉచితంగా చేస్తే చేయండి. అప్పుడూ "ఉచితంగా" అన్న మాటనే రాయండి. సాయం అని మీరు, వాటా ఉందని ఇంకొకరు అనుకునే అవకాశం ఉండకూడదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగడంతో ఆగకుండా రాయించుకోవడం కూడా నేర్చుకోవాలి.

అభ్యాసం

1. కూలి, జీతం, బత్తెం, రుసుము, పారితోషికం, ప్రతిఫలం, వాటా: ఒక్కో మాటకు ఇచ్చేవాళ్ళు ఎవరు, పుచ్చుకునేవాళ్ళు ఎవరు, ఇవ్వకపోతే అడిగే హక్కు ఉందా అన్నది పట్టికగా రాయండి.

2. పై ఊహా లెక్కలో 2,000కు బదులు 20,000 ప్రతులు అమ్ముడైతే, ఆరు సెషన్ల కూలీ, చేతికొచ్చిన సొమ్ములో 5 శాతం వాటా, ఈ రెండిటిలో కళాకారిణికి ఏది లాభం? ఎన్ని ప్రతుల దగ్గర రెండూ సమానమవుతాయి?

3. మీ ఇంట్లో ఎవరైనా పనికి ఒప్పుకునేటప్పుడు నోటితో చెప్పే వాక్యాన్ని ఒకదాన్ని యథాతథంగా రాసి తెండి. అందులో ఏ మాటకు రెండు అర్థాలు వస్తాయో శాఖ గదిలో కూర్చుని చూద్దాం.